ఖాళీ లేని పేరు

పేరు పెట్టి పిలుస్తూ ఉండండి అన్నాడు డాక్టరు, కిటికీ కాస్త తెరిచి ఉంచండి అన్నంత తేలిగ్గా, అని తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. పేరు పెట్టడమంటే పుట్టినప్పుడు పెట్టేది కదండీ, ఈ వయసులో ఈవిడకి నేనేం పేరు పెట్టను, పేరు పెట్టడానికి వీల్లేని మనిషి, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నా నోరు ఊరుకోదు, చావు ఇంట్లో కూడా దానికి శ్లేషలే తడతాయి. ఛ, చావు ఏమిటి, ఇది ఆసుపత్రి. ఆపరేషన్ బాగానే జరిగిందట, తలలో గడ్డకట్టిన నెత్తురు తీసేశారట, మత్తు ఎప్పుడో దిగిపోయి ఉండాలట. దిగాల్సిన మత్తు దిగింది, లేవాల్సిన మనిషి లేవలేదు. డాక్టరు రౌండ్ పూర్తి చేసుకుని మళ్లీ వస్తాడు. ఈలోపు పిలిస్తే నా భార్య పలికిందా, సరే. పలక్కపోతే తల మళ్లీ తెరవాలి, ఈసారి తెరిస్తే బల్ల మీంచి లేస్తారని మాట ఇవ్వలేను, ఒప్పుకోవాల్సింది మీరే, అని నా భుజం మీద చెయ్యి వేశాడు. చల్లటి చెయ్యి. తీసేశాక కూడా అది భుజం మీదే ఉంది.

నర్సు పిలిచింది. మంచం తలాపున తగిలించిన అట్ట చూసి, "సుధగారూ, కళ్లు తెరవండి, సుధగారూ" అని చెంప తట్టింది, గోటితో అరికాలు గీరింది. కాలు కొంచెం వెనక్కి పోయింది గానీ కళ్లు తెరుచుకోలేదు. అట్ట మీద ఉన్నది అబద్ధం కాదు, ఆ పేరు ఈవిడదే, కాగితాల్లో ఈవిడదే, కానీ ఆ పేరు పెట్టి పిలిస్తే మా ఇంట్లో లేచి వచ్చేది మా అమ్మ. నర్సు తర్వాత మా అమ్మాయి మంచం మీదికి వంగి "అమ్మా" అంది. అమ్మా అంటే ఇక్కడ పలకనిదెవరు, అటు చివరి మంచం మీది ముసలావిడ కళ్లు తెరిచి ఏంటమ్మా అంది, పక్కావిడ మూలిగింది, సెలైన్ మారుస్తున్న ఆయా కూడా వెనక్కి తిరిగింది. అందరికీ పట్టే జాకెట్ ఎవరికీ సరిపోదు అనేది మా అమ్మ, దర్జీ కదా. ఈవిడకి సరిపోలేదు, కదల్లేదు. మా అమ్మాయి ముక్కు తుడుచుకుని, మందులు తేవడానికి కిందికి వెళ్తూ, "నాన్నా, నువ్వు పిలువు. ఇంట్లో పిలిచినట్టే పిలువు, నీకు పలుకుతుంది" అంది. అంత నమ్మకంగా అనకుండా ఉండాల్సింది.

నా ఉద్యోగమంతా పిలవడమే. కోర్టు వరండాలో నిలబడి పేర్లు పిలిచే బంట్రోతుగా చేరాను, బంట్రోతుగానే బయటపడ్డాను, కోర్టు గడప తొక్కినవాడు బయటపడటమే గొప్ప అనుకోండి. నా గొంతుకి కప్పు మీది పావురాలు లేచిపోయేవి. ఒక్కో మనిషికి మూడు పిలుపులు. మొదటిది గుమ్మంలోంచి, రెండోది మెట్ల మీంచి, మూడోది గేటు అవతల టీకొట్టు దాకా. మూడోదానికీ రాకపోతే జడ్జిగారు తల ఎత్తకుండానే గైరుహాజరు అని రాసి ఆ కేసు కాగితాల కట్ట అవతలికి తోసేవారు. అప్పుడొచ్చేవాళ్లు పరిగెత్తుకుంటూ, అయ్యా ఇక్కడే ఉన్నాను, వినబడలేదు, అని గుమ్మం పట్టుకుని. మనిషి లేకపోవడం కాదు, పిలుపు అందలేదు, అంతే, కానీ అప్పటికే కట్ట కట్టేసి ఉండేది. నర్సుది ఒకటి, అమ్మాయిది రెండు. నాది మూడోది. నా దగ్గర ఉన్నది ఒక్కటే పేరు, అసలు పేరు కాని అసలైన పేరు, కొత్త. ఇల్లంతా ఈవిడని అలాగే పిలుస్తాం. అది పిలిచేదాకా ఈవిడ పలకని మనిషి కాదు, ఎవరూ సరిగ్గా పిలవని మనిషి. పిలిచాక కూడా పలక్కపోతే ఇక నాకు నేను చెప్పుకోవడానికేమీ ఉండదు. అందుకని పిలవడం లేదు. గొంతు సవరించుకున్నాను, నీళ్లు తాగాను, దుప్పటి అంచు సర్దాను, సర్ది మళ్లీ చెరిపి మళ్లీ సర్దాను.

తలకి కట్టిన కట్టు పక్కన ఒకచోట కుట్లు కనిపిస్తున్నాయి, నల్లదారం, ఎడంగా వేశాడు. ఊళ్లోవాళ్ల బట్టలకి కుట్లు వేసిన చేతులు ఇలా దుప్పటి మీద ఊరికే పడి ఉంటే ఎవరో తలకి కుట్లు వేసి వెళ్లిపోయారు. చూస్తే ఊరుకుంటుందా, ఇదేం కుట్టండీ, పచ్చికుట్టు వేసి వదిలేశారు, పైన ఇంకోటి వెయ్యరూ అంటుంది. అనవే. ఆ డాక్టరుతోనే అను. మందలించు. యాభై దాటిన మనిషి కొత్త ఏమిటండీ అని వీధిలో నవ్వేవాళ్లు, మా కొత్త పాతబడదు, రంగు వెలవదు, ఉతికి చూసుకోండి అనేవాణ్ణి. రంగు వెలిసింది. పెదవులు చూడు, ఉతికి ఆరేసిన లైనింగ్ గుడ్డలా ఉన్నాయి.

మొదటిసారి ఈవిడని పిలిచింది కూడా కోర్టులోనే. వాళ్ల నాన్న గోడలకి సున్నం వేసేవాడు, ఎవరింట్లోనో పుచ్చిపోయిన నిచ్చెన ఇచ్చి ఎక్కమంటే ఎక్కి, పడి, కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కేసులో ఈవిడ సాక్షి. నా చేతికిచ్చిన చీటీలో చూస్తే మా అమ్మ పేరు. కన్నతల్లి పేరు పట్టుకుని వరండాలో ఎలా అరుస్తాను, ఎవరికో రహస్యం చెప్తున్నట్టు సుధ, సుధ అన్నాను. రెండు పిలుపులూ గాలికి పోయాయి. వకీలు మోచేత్తో పొడిస్తే కళ్లు గట్టిగా మూసుకుని మూడోది అరిచాను. తీరా చూస్తే స్తంభం పక్కన, నాకు జానెడు దూరంలోనే నిలబడి ఉంది. చెవి రుద్దుకుంటూ, "అప్పుడా గొణుగుడేంటి, ఇప్పుడీ కేకలేంటి, మీకు మధ్యలో గొంతు లేదా" అంది. లేదు. నాకెప్పుడూ మధ్యలో గొంతు లేదు. ఈవిడని ఆ పేరుతో పిలిచింది ఆ ఒక్కసారే, అదీ జడ్జిగారి తరఫున.

మధ్యలో గొంతు లేనివాణ్ణే చేసుకుంది. ఇంటికి తీసుకొచ్చిన రోజు మా అమ్మ మిషను ఆపకుండా, పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని, నీ పేరేంటమ్మా అని అడిగింది. ఈవిడ చెప్పింది. మిషను ఆగింది. అమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చి, "ఈ ఇంట్లో ఆ పేరు ఖాళీ లేదమ్మా" అంది. అద్దెగది అడగడానికి వచ్చినవాళ్లకి చెప్పినట్టే, కోపమేం లేదు, ఉన్నమాట. వీధిగుమ్మం మీద సుధా టైలర్స్ అని గజమెత్తు అక్షరాలు, సుధగారున్నారా అని వచ్చే గిరాకీ అంతా అమ్మ కోసమే, అమ్మ కత్తిరించి ఇస్తే ఈవిడ కుట్టేది. అత్తగారు పేరుమోసింది, కోడలు గుమ్మంలోనే పేరు దించేసింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి కొత్తలో కొత్తమ్మాయి అన్నారు. వాడగా వాడగా అమ్మాయి అరిగిపోయి కొత్త మిగిలింది. బళ్లో మా అమ్మాయి తల్లి పేరు సుధ, నానమ్మ పేరు సుధ అని చెబితే టీచరు, సరిగ్గా తెలుసుకుని రా, ఇద్దరూ ఒకరే ఎలా అవుతారు అని వెనక్కి పంపించిందట. నేను తెగ నవ్వాను. నానమ్మ తేల్చి చెప్పింది, అసలుది నేను, మీ అమ్మది నకలు అని. కోర్టువాణ్ణి కదా, నకలు మీద కూడా ముద్ర ఉంటే చెల్లుతుందమ్మా అన్నాను. ముద్ర ఎవరు వెయ్యాలి అని మాత్రం ఎవరూ అడగలేదు.

సుధ అంటే అమృతం అని మా అమ్మకి చిన్నప్పుడే ఎవరో చెప్పారు, ఆవిడ చివరిదాకా అలాగే నడుచుకుంది, తన చెయ్యి పడితే తప్ప ఏ గుడ్డకీ ప్రాణం రాదన్నట్టు. ఈవిడ పేరు వచ్చిన దారి వేరు. ఈవిడ పుట్టినప్పుడు మామగారు ఒక బడిపంతులు ఇంటికి సున్నం వేస్తున్నారట. నిచ్చెన మీంచే, ఆడపిల్ల పుట్టింది పంతులుగారూ, ఒక మంచి పేరు చెప్పండి అని అడిగారట. పంతులు పైకి చూసి, ఊరంతా వెతకడం దేనికయ్యా, నీ బకెట్లోనే ఉంది, సుధ అంటే సున్నమే, సుధ పూసింది కాబట్టే సౌధం అన్నారు, అన్నాడట. ఆ రోజు నుంచి మామగారు ఊళ్లో ఏ మేడ కనిపించినా తన కూతురి పేరు మీదే కట్టినట్టు చూసేవారు. ఒకే పేరు, ఒకావిడకి అమృతం, ఒకావిడకి సున్నం. మా ఇంటికి సుధ రెండు కోట్లు పడిందని నేను పదిమందిలో అనేవాణ్ణి. అమ్మ కుట్టేవి కోట్లు, మామగారు గోడకి వేసేవి కోట్లు, నేను తిరిగేవి కోర్టులు, అదీ తొందరగా అంటే కోట్లే, ఇన్ని కోట్లున్న ఇంట్లో చిల్లర మాత్రం కనబడదు అంటే జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఈవిడ నవ్వేది కాదు. అయిందా, భోజనానికి లేవండి అనేది. నవ్వు దాచుకునేదేమో, జాకెట్ చేతి మడతలో ఒక వేలెడు గుడ్డ లోపలికి మడిచి దాచినట్టు, పిల్ల ఎదిగాక విప్పుకోవచ్చని. ఎప్పుడు విప్పుదామనుకుందో.

ఆ పేరుకి ఇంకో అర్థం కూడా ఉంది, మా కోర్టులో ముసలి వకీలు ఒకాయన నిఘంటువు తిరగేసి చూపించాడు. చెముడు. పాలు కారే ఆ ముళ్లచెట్టుని సుధ అని కూడా అంటారట, మరి చెముడంటే చెవుడు కూడా కదా, నాకు నిధి దొరికినట్టయింది. పిలిస్తే ఒక పట్టాన పలకదేమిటా అనుకున్నాను, పేరులోనే ఉంది చెముడు, అని ఎక్కడపడితే అక్కడ చెప్పి నవ్వించాను. నిన్న కూడా. నిన్న పొద్దున పక్కగదిలో మిషను ఆగిపోయింది, కొత్తా, కళ్లద్దాలు ఎక్కడ పెట్టావు అని అడిగాను, జవాబు లేదు, అమ్మా చెముడూ అని తలుపు వైపు చూసి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అప్పటికే మిషను మీద తల వాల్చేసి ఉంది. అంటే కొత్త అన్న పిలుపుకి కూడా ఒకసారి పలకలేదు. అది లెక్కలోకి రాదు. గోడ అడ్డం ఉంది, తలుపు వేసి ఉంది, నేను పిలిచింది కళ్లద్దాల కోసం. అది పిలుపు కాదు.

పడవలకీ, సబ్బులకీ, తుఫానులకీ ఆడవాళ్ల పేర్లు పెట్టి నోరారా పిలుస్తారు, ఆడవాళ్లకి పెట్టినవి మాత్రం పెట్టెలో దాచుకుంటారు, మంచిబట్టల్లా, ఎప్పుడో బయటికి వెళ్లేటప్పటికి. ఈవిడది గ్యాస్ బిల్లు మీద ఉంది, మందుల చీటీ మీద ఉంది, ఇప్పుడు ఈ అట్ట మీద. మా ఇంటికొచ్చాక నోటితో పిలిచినవాడు ఒక్కడే, వాళ్ల నాన్న. పని ముగించుకుని, కనుబొమల మీద తెల్లగా సున్నం చుక్కలతో కుంటుకుంటూ వచ్చి, వీధిలో నిలబడి సుధమ్మా అనేవారు. లోపల మిషను దగ్గర అమ్మ కళ్లద్దాల పైనుంచి చూసి, నన్నేనా అన్నయ్యగారూ అనేది, ఎగతాళికి కాదు, నిజంగానే. ఆయన చచ్చేంత సిగ్గుపడిపోయి, అయ్యో, మిమ్మల్నెంతమాట, మా పిల్లనమ్మా అని చేతులు నలుపుకునేవారు. అలా కొన్నాళ్లు జరిగాక ఒకరోజు వీధిలోంచి కొత్తమ్మా అన్నారు. కూతుర్ని. పెట్టినాయనే తీసేశారు. ఈవిడ బయటికి వచ్చి నాన్నకి మంచినీళ్లిచ్చింది, ఆయనతో కబుర్లు చెప్పింది, సాగనంపింది, లోపలికి వచ్చి మిషను తొక్కడం మొదలుపెట్టింది. చాలాసేపటికి చూస్తే సూదిలో దారం లేదు. గుడ్డ పొడుగునా చిల్లులు, ఒక్క కుట్టు లేదు. దారం తెగిపోయినట్టుందే అన్నాను. చూసుకోలేదండీ అంది.

అమ్మ పోయింది. కత్తెర చేతిలో ఉండగానే పోయింది. బోర్డు దించాం, షాపు మూసేశాం, మిషను ఒకటి లోపలి గదిలోకి జరుపుకున్నాం. అందరూ వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నాం, ఈవిడ అమ్మ కత్తెరలకి నూనె రాస్తోంది. ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండాలి కదా అని, ఆ పేరు ఖాళీ అయింది, దిగుతావా అన్నాను. తల ఎత్తకుండా, "ఒకరు ఉండి వెళ్లిన ఇంట్లోకి సున్నం వేయించకుండా ఎవరైనా దిగుతారాండీ" అంది. జన్మలో నాకు అంత మంచి మాట తట్టలేదు. పగలబడి నవ్వాను, తొడ చరిచాను. నవ్వు ఆగాక చూస్తే ఈవిడ నవ్వడం లేదు, కత్తెర పక్కన పెట్టి నా వంక చూస్తోంది, మేస్త్రీ ఎప్పుడొస్తాడండీ అన్నట్టు. పెద్ద పనేం కాదు. రోజుకోసారి నోటితో అంటే చాలు, పూత మీద పూత, పాతది కిందికి వెళ్లిపోయేది. మర్నాడు పొద్దున గట్టిగా అనుకుని లేచాను కూడా. గుమ్మం దాకా వెళ్లి నోరు తెరిస్తే అమ్మ కళ్లద్దాల పైనుంచి చూసినట్టు అయింది. కొత్తా, కాఫీ అన్నాను. వస్తున్నానండీ అంది, ఎప్పట్లాగే. ఆ పేరు అలా ఖాళీగానే పడి ఉండి దుమ్ము పేరుకుపోయింది. చూశారా, పేరు, పేరుకుపోవడం. ఆగదు ఈ నోరు. పిలవమంటే పిలవదు, ఆగమంటే ఆగదు.

"పిలుస్తున్నారా అంకుల్" అంది నర్సు, గొట్టంలో చుక్కలు చూసుకుంటూ. పిలుస్తున్నానమ్మా అన్నాను. గట్టిగా పిలవండి, పర్లేదు, ఇక్కడ నిద్ర చెడేవాళ్లెవరూ లేరు అంది. పక్క మంచం దగ్గర డాక్టరు గొంతు వినిపిస్తోంది, రాత్రి నిద్ర పట్టిందా అని ఎవరినో అడుగుతున్నాడు. ఆ మనిషి పట్టలేదండీ అంటోంది. ఎంత అదృష్టం, నిద్ర పట్టలేదని చెప్పుకోగలగడం.

వంగాను. డెట్టాల్ వాసన, దాని కింద ఎక్కడో మిషను నూనె వాసన, లేకపోతే నేనే అనుకున్నానేమో. కొత్తా అన్నాను. నాకే సరిగ్గా వినబడలేదు. కొత్తా, ఇటు చూడు, నేనే. ఆక్సిజన్ మాస్కులో ఆవిరి పట్టడం, విడిపోవడం, పట్టడం. రెప్ప కింద కనుగుడ్డు కూడా కదల్లేదు. చెయ్యి పట్టుకున్నాను, చూపుడువేలి చివర సూది పోట్లకి గట్టిపడిన చర్మం గరుగ్గా తగిలింది, వేలు బతికే ఉంది, దాన్నే నొక్కిపట్టి కొత్తా అని అరిచాను, కోర్టు గొంతుతో. చివరి మంచం ముసలావిడ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. మందుల సంచితో వస్తున్న మా అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. ఈవిడ పలకలేదు. అయిపోయింది. దాచుకున్నది కూడా ఖర్చయిపోయింది. జడ్జిగారు తల ఎత్తకుండా రాసుకుంటారు, కట్ట అవతలికి తోస్తారు, నేను తలుపు పట్టుకుని అయ్యా ఇక్కడే ఉంది, చెయ్యి వెచ్చగా ఉంది, చూడండి అంటాను. ఎవరు వింటారు.

అప్పుడు, పిలవడానికి కాదు, పిలవడానికి ఇక ఏ పేరూ మిగల్లేదు కాబట్టి, లోపలికి తీసుకెళ్లిపోయే ముందు ఒక్కసారైనా అననీ అని, సుధా అన్నాను. మా అమ్మ చూడలేదు. ఎవరూ చూడలేదు. నా భార్య మొహం మీదికి వంగి నా భార్య పేరు అన్నాను. సుధా.

మాస్కులో ఆవిరి ఒక్కక్షణం ఆగింది. పెదవులు అతుక్కుని విడిపోయాయి. చెవి ఆనించాను. కళ్లు తెరవలేదు, అలా మూసుకునే, గుమ్మంలో నిలబడ్డ గిరాకీకి చేతిలో పని ఆపకుండా మర్యాదగా జవాబు చెప్తున్నట్టు, "అత్తయ్య లేరండీ" అంది. ఊపిరి తీసుకుంది. ఎవరో ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నారనుకుందేమో. "రేపు రండి" అంది.

నర్సు డాక్టరుగారూ అని కేకేసింది, మాట్లాడారు, పేరు పెట్టి పిలిస్తే పలికారు అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. పలికింది, నిజమే. ఆ పేరుగల మనిషి ఇంట్లో లేదని పలికింది. మా ఇంట్లో ఏం నేర్చుకుందో అది పొల్లు పోకుండా అప్పజెప్పింది, తప్పెక్కడుంది. డాక్టరు వచ్చాడు, రెప్పలు ఎత్తి లైటు వేశాడు, ఛాతీ మీద పిడికిలితో రుద్దాడు, ఈవిడ మొహం చిట్లించింది. ఆయన నావైపు తిరిగి, "ఏమన్నారు, మాటలు తెలిశాయా" అని అడిగాడు. మా అమ్మాయి కూడా నా నోటివంకే చూస్తోంది. మొదటి మాట మింగేశాను. రెండోదే చెప్పాను.

"రేపు రమ్మందండీ."